పిల్లి గిన్నెలో పడకూడనివి: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ఇంట్లో పన్నెండేళ్లుగా పిల్లులు ఉంటున్నాయి. ఇప్పుడు మూడున్నాయి. మా వీధిలోనూ, బంధువుల్లోనూ కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు దానికి ఏ కాస్త నలత చేసినా ముందు నాకే ఫోను చేస్తారు. నేను పశువైద్యురాలిని కాను. ఒకప్పుడు నా తెలియనితనం వల్ల మా పిల్లి చచ్చి బతికింది. అప్పటి నుంచి అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ వైద్యులను అడిగి, చదివి తెలుసుకుంటున్నాను. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి కూడా ఇవే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

మేము తినేదే కదా, కొంచెం పెడితే ఏమవుతుంది?

ముందు బరువు చూడండి. మనం అరవై కిలోలు ఉంటే పిల్లి మూడు నాలుగు కిలోలు ఉంటుంది. మనకు చెంచాడు దానికి గిన్నెడు. రెండోది, పిల్లి పూర్తి మాంసాహారి. ఆకులు, గడ్డలు, గింజల్లో ఉండే ఘాటైన రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉన్నంతగా దాని కాలేయానికి లేదు. కుక్క తట్టుకునేవి కూడా కొన్ని పిల్లి తట్టుకోలేదు. అందుకే ‘మా కుక్క తింటుంది, ఏమీ కాలేదు’ అనే మాట పిల్లి విషయంలో పనికిరాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏది?

నన్నడిగితే ఉల్లిగడ్డ, వెల్లుల్లి. చాక్లెట్ అని చాలామంది అనుకుంటారు. మన ఇళ్లలో పిల్లికి చాక్లెట్ దొరికేది ఎప్పుడో ఒకసారి. ఉల్లిగడ్డ లేని కూర మాత్రం మన పొయ్యి మీద వారంలో ఎన్ని రోజులు ఉడుకుతుంది?

ఉల్లిలోని గంధక పదార్థాలు పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. కణంలోని హిమోగ్లోబిన్ చెడి, చిన్న ముద్దగా గట్టిపడి కణం అంచుకు అతుక్కుంటుంది. వీటిని హైంజ్ బాడీలు అంటారు. అలా దెబ్బతిన్న కణాలను శరీరమే నాశనం చేస్తుంది. రక్తం తగ్గిపోతుంది. పిల్లి హిమోగ్లోబిన్ నిర్మాణమే ఇలాంటి దెబ్బకు తేలికగా లొంగేది. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు కనిపిస్తుంది. మూడు కిలోల పిల్లికి అది 15 గ్రాములు, అంటే ఒక మోస్తరు ఉల్లిగడ్డలో ఆరో వంతు. వెల్లుల్లి అంతకంటే కొన్ని రెట్లు ఘాటు. పచ్చివైనా, వేయించినవైనా, ఎండబెట్టి పొడి చేసినవైనా తేడా లేదు. ఉడికిస్తే విషం పోదు. ఉల్లికాడలు, అల్లం వెల్లుల్లి ముద్ద, చిప్స్ మీద చల్లే మసాలా, పొట్లాల సూపు పొడి, అన్నీ ఇందులోకే వస్తాయి.

మా చిట్టికి జరిగింది ఇదే. దసరాకు వేట కూర వండాము. తిన్న తర్వాత గిన్నె అడుగున మిగిలిన ముద్దకూరలో ముక్కలు ఏరి, అన్నంలో కలిపి పెట్టాను. మరునాడూ అదే పెట్టాను. ఆబగా తిన్నది. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు బీరువా కింద దూరి బయటికి రాలేదు. దాని ఇసుక డబ్బా శుభ్రం చేస్తుంటే తడి ఉన్నచోట ఇసుక టీ డికాషన్ రంగులో ఉంది. పై పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. డాక్టరు గారు రక్తపు చుక్కను అద్దం మీద పరిచి చూసి, ‘ఈ వారంలో ఏమి పెట్టావమ్మా?’ అని అడిగారు. నాకు దసరా కూర గుర్తే రాలేదు. ఆయన ఉల్లిగడ్డ పేరు ఎత్తాక గుర్తొచ్చింది. చిట్టి కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది.

మీరు ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఆ నాలుగు రోజుల ఎడమే. ఈరోజు తిన్నదానికి ఈరోజే వాంతి అయితే మనకు తెలిసిపోతుంది. ఉల్లి దెబ్బ రోజులు గడిచాక బయటపడుతుంది. అప్పటికి మనం ఏమి పెట్టామో మరిచిపోయి, ఎండ దెబ్బ అనో, దిష్టి అనో అనుకుంటాము. రోజూ చెంచాడు చొప్పున పెట్టినా ఆ నష్టం పోగవుతూనే ఉంటుంది.

ముక్కలను నీళ్లతో కడిగి పెడితే?

వద్దు. ముక్క ఉడికేటప్పుడే ఉల్లి రసం లోపలికి పోతుంది. కడిగితే కారం పోతుందేమో, ఆ ఉల్లి రసం పోదు. చికెన్ తెచ్చిన రోజు, ఉప్పూ కారమూ పట్టించకముందే నాలుగు ముక్కలు పక్కకు తీసి, విడిగా వట్టి నీళ్లలో ఉడికించండి. పది నిమిషాల పని. మా ఇంట్లో దానికి ఒక చిన్న సత్తు గిన్నె విడిగా ఉంది. అందులో తాలింపు వేయడానికి ఎవరికీ అనుమతి లేదు.

మా అమ్మమ్మ ఇంటి పిల్లి జీవితమంతా పాలన్నం తిని పదేళ్లు బతికింది. ఇప్పుడు మాత్రం పాలు ఎందుకు వద్దంటున్నారు?

ఎక్కువమంది అడిగేది, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇదే. అమ్మమ్మ గారి పిల్లిని బతికించింది పాలన్నం కాదు, వడ్ల గుమ్మి చుట్టూ తిరిగిన ఎలుకలు. పాలన్నం దానికి పైపై తిండి. అసలు భోజనం అది రాత్రిపూట తనే సంపాదించుకునేది.

పిల్లికి టారిన్ అనే పోషకం ఆహారంలోనే అందాలి, శరీరం తగినంత తయారు చేసుకోలేదు. అది మాంసంలో, ముఖ్యంగా గుండె వంటి కండరాల్లో ఉంటుంది. ఎలుకలో పుష్కలంగా ఉంటుంది. బియ్యంలో, పప్పులో లేదు. టారిన్ అందకపోతే కంటి వెనుక పొర చెడి చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. గుండె కండరం పలచబడి సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోటుతో సంబంధం ఉందని 1987లో అమెరికాలో తేలాకే, అక్కడ తయారయ్యే పిల్లి ఆహారాల్లో దాని మోతాదు పెంచారు. నేటి పిల్లి రెండో అంతస్తులో, కిటికీకి జాలీ కొట్టిన ఇంట్లో ఉంటుంది. దానికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది? పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెడితే అది కడుపు నిండి పస్తున్నట్టే.

ఇక పాలు విషం కాదు. తల్లి పాలు మానిన తర్వాత చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. కడుపు ఉబ్బి విరేచనాలు అవుతాయి. కొన్నిటికి ఏమీ కాదు. కానీ తల్లి లేని పసికూనలకు ఆవు పాలో, గేదె పాలో పట్టడం మాత్రం ప్రమాదం. వాటిలోని పోషకాలు తల్లి పిల్లి పాలతో సరితూగవు, ఆ చిన్న ప్రాణం విరేచనాలకు ఒక్క రోజు కూడా తట్టుకోలేదు. పిల్లికూనల కోసం తయారు చేసిన పాలపొడి దొరుకుతుంది. అది తెచ్చుకోండి, సీసాతో పట్టేటప్పుడు కూనను బోర్లానే ఉంచండి, వెల్లకిలా పడుకోబెట్టకండి.

మేము శాకాహారులం. పిల్లిని కూడా అలాగే పెంచవచ్చా?

పెంచకూడదు. మీ నియమం మీద నాకు గౌరవమే. ఇంట్లో మాంసం వండలేనివాళ్లు పొట్లాల్లో వచ్చే పిల్లి ఆహారం పెట్టవచ్చు. అదీ కుదరకపోతే కుందేలునో, చిలుకనో కాకుండా పిల్లినే ఎందుకు తెచ్చుకోవాలో ఒకసారి ఇంట్లో మాట్లాడుకోండి.

చేపలు పిల్లికి మంచివే కదా? మాది కృష్ణ ఒడ్డు, రోజూ దొరుకుతాయి.

సాగర్ దగ్గరైనా, జూరాల దగ్గరైనా, పిల్లి ఉన్నచోట చేప తల దానికే అని లెక్క. ఉడికించి, ముళ్లు తీసి, అప్పుడప్పుడు పెడితే నష్టం లేదు. పచ్చి చేప రోజూ పెట్టడం వేరు. బంగారుతీగ వంటి కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను చెడగొట్టే పదార్థం ఉంటుంది. వారాల తరబడి అదే తింటే పిల్లి మెడ ముందుకు వంగిపోతుంది, తూలుతుంది, మూర్ఛ వస్తుంది. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది.

చేపల పులుసు వద్దే వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉంటాయి, పైగా చింతపండు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. ద్రాక్ష తిన్న కుక్కల మూత్రపిండాలు చెడిపోవడానికి ఈ ఆమ్లమే కారణం కావచ్చని ఇటీవలి సంవత్సరాల్లో పశువైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కలూ ఉన్నాయి. పిల్లుల్లో ఇలాంటివి అరుదుగానే బయటపడ్డాయి, కానీ నేను మాత్రం ద్రాక్ష, కిస్‌మిస్, చింతపండు మూడింటినీ దూరంగానే ఉంచుతాను. రంజాన్‌కు పక్కింటి నుంచి వచ్చే షీర్ ఖుర్మాలో కిస్‌మిస్ ఉంటుంది, గమనించండి.

ఎండు చేపలు, ఎండు రొయ్యలు? ఉప్పు మేటలు అవి. వాసనకు పిల్లి పిచ్చెక్కిపోతుంది, పెట్టకండి.

చికెన్ సెంటరులో పారేసే తలలు, పేగులు ఉచితంగా ఇస్తారు. పచ్చివే పెట్టవచ్చా?

బాగా ఉడికించకుండా పెట్టవద్దు. సాల్మొనెల్లా వంటి క్రిములు అందులో ఉంటాయి, అవి పిల్లికీ వస్తాయి, దాన్ని ఎత్తుకునే పిల్లలకూ వస్తాయి. 2025 ఫిబ్రవరిలో మన పక్కనే చౌటుప్పల్ మండలంలో ఒక కోళ్లఫారంలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ ఏడాది మొదట్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో పెంపుడు పిల్లులకు ఆ వ్యాధి సోకినట్టు తేలింది. పచ్చి కోడి మాంసం విషయంలో ఇంతకంటే చెప్పవలసింది ఉందనుకోను.

ఉడికిన ఎముకలు పెట్టకండి. ఉడికిన కోడి ఎముక విరిగితే సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. కార్జం సంగతీ చెప్పాలి. చవక, మెత్తన, పిల్లికి ప్రాణం. రోజూ అదే పెడితే విటమిన్-ఎ మితిమీరి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పిల్లి తల తిప్పలేక, ఒళ్లు నాక్కోలేక బాధపడుతుంది. వారానికి ఒకసారి, బొటనవేలంత ముక్క చాలు.

పచ్చి గుడ్డు?

ఉడికించి పెట్టండి. పచ్చి తెల్లసొన తరచూ తింటే బయోటిన్ అనే విటమిన్ అందకుండా పోతుంది.

చాక్లెట్, టీ, కాఫీ?

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, టీ కాఫీల్లోని కెఫీన్ గుండెను పరుగెత్తిస్తాయి. వాంతులు, వణుకు, మూర్ఛ దాకా పోతుంది. నల్లని చాక్లెట్, కోకో పొడి ఎక్కువ ప్రమాదం. పిల్లికి తీపి రుచే తెలియదు, తీపిని గుర్తించే జన్యువు దానిలో పనిచేయదు. అందుకే చాక్లెట్ జోలికి అంతగా పోదు. అయితే క్రీము, వెన్న ఉన్న కేకును కొవ్వు కోసం నాకుతుంది. వాడేసిన టీ పొడిని కుండీల్లో వేసే అలవాటు ఉంటే దాని మీద మట్టి కప్పండి.

నల్లగొండ అంటే బత్తాయి కదా, మా తోటలో పిల్లులు తిరుగుతుంటాయి. ఏమైనా అవుతుందా?

తోటలో తిరిగితే ఏమీ కాదు. బత్తాయి, నిమ్మ తొక్కల్లోని నూనె పిల్లికి పడదు. చొంగ కారుతుంది, వాంతి అవుతుంది, ఒంటి మీద పడితే చర్మం ఎర్రబడుతుంది. ఆ వాసన దానికి అసహ్యం కాబట్టి తనంతట తాను తినదు. ప్రమాదం మన చేతుల్లో ఉంది. గోమార్లు, పేలు పోతాయని నిమ్మరసం, నిమ్మనూనె పిల్లి ఒంటికి రుద్దుతారు. అది ఒళ్లంతా నాక్కుని కడుపులోకి పంపుకుంటుంది. పురుగులు పోతాయని వెల్లుల్లి రసం పట్టేవాళ్లూ ఉన్నారు. దానివల్ల ఏమవుతుందో పైన చెప్పాను.

కల్లు ఒలికితే మా పిల్లి నాకింది. మత్తుగా పడి ఉంది, నిద్రపోతే తగ్గుతుందా?

తగ్గుతుందని ఎదురు చూడవద్దు. నాలుగు కిలోల ఒంటికి కొంచెం మద్యమే చాలా ఎక్కువ. ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి మందగిస్తుంది. మన ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కల్లులో ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నో పట్టుబడ్డాయి. అది నాకిన పిల్లి నిద్ర మామూలు నిద్ర కాదు. గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, కల్లు అని దాచకుండా చెప్పండి.

జ్వరంగా ఉంది, పారాసిటమాల్ కొంచెం వేయవచ్చా?

ఇది తిండి ప్రశ్న కాదు, అయినా ఈ పేజీలో మీరు ఒక్కటే చదివేట్టయితే ఇది చదవండి. వేయవద్దు. పావు బిళ్ల కూడా వద్దు. చిన్నపిల్లల జ్వరం సిరప్ చుక్కలు కూడా వద్దు. పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన పిల్లులు ఉన్నాయి. 500 మిల్లీగ్రాముల బిళ్లలో పావు వంతు అంటేనే 125 మిల్లీగ్రాములు. కొన్ని గంటల్లో చిగుళ్లు గోధుమరంగులోకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఎగశ్వాస వస్తుంది. దీనికి విరుగుడు మందు ఉంది, పేరు ఎసిటైల్‌సిస్టీన్. త్వరగా అందితే బతుకుతుంది. ఎంత త్వరగా అన్నదే సమస్య.

తినరానిది తిన్నదని తెలిస్తే ఇంట్లో ఏమి చేయాలి?

చాలా తక్కువ చేయాలి. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, ఈ మూడూ కాగితం మీద రాయండి. పొట్లం ఉంటే దగ్గర పెట్టుకోండి. వైద్యుడికి ఫోను చేయండి. పిల్లిని మూతకు రంధ్రాలు చేసిన అట్టపెట్టెలోనో బుట్టలోనో పెట్టి బయలుదేరండి.

ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది. పాలు, నెయ్యి, నూనె, చింతపండు రసం బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ‘రెండు రోజులు కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుంది’ అనే పెద్దల మాట కూడా పిల్లికి వర్తించదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి కొత్త జబ్బు పుడుతుంది.

మన ఊళ్లలోని పశువైద్యశాలలు ప్రధానంగా పాడిపశువులు, గొర్రెల కోసం ఉన్నవి. పిల్లికి రక్తపరీక్ష, ఆక్సిజన్ కావాలంటే చాలాసార్లు హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు, ఎంత లేదన్నా రెండు గంటలు. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. మీ పిల్లి ఆరోగ్యంగా ఉన్న రోజే, పిల్లులను చూసే వైద్యులు ఎవరో, రాత్రిపూట ఎవరు ఫోను ఎత్తుతారో కనుక్కుని, నంబరు ఫ్రిజ్ తలుపు మీద అతికించండి. చిగుళ్లు ఎప్పుడూ ఏ రంగులో ఉంటాయో కూడా ఆ రోజే చూసి పెట్టుకోండి. మామూలు రంగు తెలియకపోతే పాలిపోయిన రంగు తెలియదు.

ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నది. పిల్లికీ ఎక్కుతుందా?

ఎక్కవచ్చు. మందును బట్టి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే మందులైతే లక్షణాలు రోజుల తర్వాత వస్తాయి: ముక్కు నుంచి రక్తం, నల్లని మలం, నీరసం. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. సాగర్ ఆయకట్టులో వరి పొలాల పక్కన, మిల్లుల దగ్గర ఉండేవాళ్లు మందు పెట్టే రోజుల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచండి. వాడిన మందు పేరు రైతును అడిగి తెలుసుకోండి, చికిత్స దాని మీదే ఆధారపడుతుంది.

మరి ఏమి పెట్టాలి?

పిల్లి కోసం తయారైన ఆహారం ప్రధానంగా, దానికి తోడు ఉడికించిన చికెన్, చేప, గుడ్డు. వట్టి చికెన్ మీదే పెంచితే కాల్షియం చాలక కూనల ఎముకలు పెళుసవుతాయి. కొంచెం అన్నం కలిపితే తప్పు లేదు, గిన్నెలో సగానికి పైగా అన్నమే ఉంటే తప్పు. కుక్కల ఆహారం పిల్లికి చాలదు, అందులో టారిన్ తగినంత ఉండాలన్న నియమం లేదు. నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. మన ఎండాకాలంలో మా చిట్టి తిండి గిన్నె పక్కన పెట్టిన నీళ్లు ముట్టదు, వరండాలో మట్టి మూకుడులో పోస్తేనే తాగుతుంది.

పండగకు చుట్టాలు వస్తే పిల్లలు కంచాల్లోంచి పెడుతూనే ఉంటారు. ఎలా ఆపాలి?

పిల్లలను ఆపలేము, అది నాకు అనుభవం. వాళ్లకు పిల్లికి పెట్టాలనే ఉంటుంది, ఏమి పెడుతున్నామన్నది వాళ్లకు ముఖ్యం కాదు. అందుకని పండగ రోజు పొద్దున్నే వట్టి నీళ్లలో ఉడికించిన చికెన్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి, మూత ఉన్న డబ్బాలో వేసి, వచ్చిన పిల్లల్లో అందరికంటే పెద్దదాని చేతికి ఇస్తాను. ‘చిట్టికి ఇందులోంచే పెట్టాలి, పంచే బాధ్యత నీదే’ అంటాను. గత దసరాకు ఆ పని మా మేనకోడలి కూతురిది. తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్ల తాతయ్య ముక్క చేతిలోకి తీసుకుని ‘పాపం, అడుగుతోంది’ అని వంగేసరికి, ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.